అరవై దాటాక నాలుగు గంటల లెక్క

అరవై రెండేళ్ల వయసులో మారథాన్‌ను నాలుగు గంటల లోపు ముగించడానికి అభ్యాసం చేస్తున్నానని చెబితే నాకు సాధారణంగా రెండు రకాల మాటలు ఎదురవుతాయి. మొదటిది నా ఈడువారి నుంచి, బంధువుల నుంచి వస్తుంది: ఈ వయసులో 42 కిలోమీటర్లు పరుగెత్తడమే గొప్ప, ఇంకా టైము కోసం పాకులాడటం దేనికి, మెల్లగా పూర్తిచేసి మెడల్ వేసుకుని రావచ్చు కదా అని. రెండోది తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద కలిసే కుర్రవాళ్ల నుంచి వస్తుంది: వయసు ఒక అంకె మాత్రమే అంకుల్, మీరు అనుకుంటే ఏదైనా చేయగలరు అని. ఇద్దరూ నా మేలు కోరేవారే. అయినా ఈ రెండు మాటలూ ఒకే తప్పు చేస్తున్నాయని నా అభిప్రాయం. ఒకటి వయసును చూపించి గడియారాన్ని పక్కన పెట్టమంటుంది, మరొకటి గడియారం కోసం వయసును మరిచిపొమ్మంటుంది. వయసును ముందుగా లెక్కలో కలుపుకుని, ఆ తరువాత గడియారం ముందు నిలబడటమే అరవై దాటిన రన్నరుకు తగిన పద్ధతి అనీ, అలాంటి టైము లక్ష్యాన్ని అత్యాశగా చూడకూడదనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం విజయవాడ రైల్వే డివిజన్ కంట్రోల్ ఆఫీసులో గడిచింది. సెక్షన్ కంట్రోలర్ పని అంతా చార్టు మీదే నడుస్తుంది. ఒక వైపు గంటలూ నిమిషాలూ, మరో వైపు స్టేషన్లు, ఒక్కో రైలుకు ఒక్కో ఏటవాలు గీత. వంపు తిరిగే చోటో, పాత వంతెన దగ్గరో వేగానికి శాశ్వతమైన ఆంక్ష ఉంటే, అక్కడ పట్టే అదనపు సమయాన్ని కూడా కలుపుకునే ఆ సెక్షన్‌కు రన్నింగ్ టైము నిర్ణయిస్తారు. నిర్ణయించిన తరువాత ఆ బండి రైటు టైములో రావలసిందే. వంతెన పాతది కాబట్టి ఎప్పుడు వస్తే అప్పుడే వస్తుందిలే అని ఏ కంట్రోలరూ ఊరుకోడు, వంతెనే లేనట్టు పూర్తి వేగంతో తోలమని డ్రైవరుకు చెప్పడు. వయసును నేను ఆ శాశ్వత ఆంక్షలాగే చూస్తాను.

ఆ ఆంక్ష ఎంతటిదో అంచనా వేయడం పెద్ద కష్టమేమీ కాదు. 2023లో చికాగోలో కెన్యాకు చెందిన కెల్విన్ కిప్టమ్ 2:00:35లో (గంటలు:నిమిషాలు:సెకన్లు) మారథాన్ ముగించాడు, అది అప్పటి ప్రపంచ రికార్డు. 2020లో ఐర్లండ్‌కు చెందిన టామీ హ్యూస్ అరవై ఏళ్ల వయసులో 2:30:02లో ముగించాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, అత్యున్నత స్థాయిలో కూడా అరవై ఏళ్ల శరీరానికి సుమారు 24 శాతం ఎక్కువ సమయం పడుతోందని తేలుతుంది. కెనడాకు చెందిన ఎడ్ విట్లాక్ 2004లో టొరంటోలో డెబ్బై మూడేళ్ల వయసులో 2:54:48లో పూర్తిచేశాడు. అక్కడికి ఆ తేడా 45 శాతానికి చేరింది. ఈ మోటు లెక్క ప్రకారమే చూసినా నేను కోరుకుంటున్న నాలుగు గంటలు నిండు యవ్వనంలో ఉన్నవాడు పరుగెత్తే 3 గంటల 13 నిమిషాలకు దగ్గరగా వస్తాయి. ఇంతకన్నా సూక్ష్మమైన లెక్క కావాలనుకునేవారి కోసం ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్ సంస్థ ఏజ్ గ్రేడింగ్ పట్టికలు ఉన్నాయి. వయసునూ, దూరాన్నీ, పట్టిన సమయాన్నీ ఇస్తే, ఆ వయసుకు నిర్ణయించిన ప్రమాణంలో మనం ఎన్నో శాతంలో ఉన్నామో అవి చెబుతాయి. బోస్టన్ మారథాన్ వారైతే అర్హత సమయాలనే వయసును బట్టి విడదీశారు: 60 నుంచి 64 ఏళ్ల పురుషులకు 3:50, అదే వయసు స్త్రీలకు 4:20. వయసు ఒక అంకె మాత్రమే అనుకుంటే ఇంత పట్టిక వేయవలసిన పనే లేదు.

శరీరం లోపల జరిగేదాన్ని కూడా దాచుకోనవసరం లేదు. గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం ఏడాదికేడాది తగ్గుతూ వస్తుంది. 208 నుంచి వయసులో పదింట ఏడు వంతులు తీసివేస్తే సగటు అంచనా వస్తుంది, నా వయసుకు అది 165 చుట్టూ ఉంటుంది. శరీరం ఒక నిమిషంలో వాడుకోగల ఆక్సిజన్ తగ్గుతుంది. వేగానికి పనికివచ్చే కండర తంతువులు ముందుగా సన్నబడతాయి. గట్టిగా పరుగెత్తిన రోజు తరువాత కోలుకోవడానికి యువకుడికి ఒక రోజు సరిపోతే నాకు రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు కావాలి. ఇన్ని విషయాలు తెలిసిన తరువాత కూడా ‘మీరు అనుకుంటే ఏదైనా చేయగలరు’ అనే మాటను నమ్మి పాతికేళ్లవాడి ప్రణాళికను నెత్తికెత్తుకున్నవాడు పిక్కనరం పట్టేసి నెలల తరబడి ఇంట్లో కూర్చుంటాడు.

వయసును లెక్కలో కలుపుకుని లక్ష్యం పెట్టుకోవడమంటే ఏమిటో జోన్ బెనాయిట్ శామ్యూల్‌సన్ చూపించినంత స్పష్టంగా ఇంకెవరూ చూపించలేదనిపిస్తుంది. ఆమె 1979లో బోస్టన్‌ను 2:35:15లో గెలిచింది. 1984లో ఒలింపిక్స్‌లో మొదటిసారి జరిగిన మహిళల మారథాన్‌లో బంగారు పతకం సాధించింది. ఆ బోస్టన్ గెలుపుకు నలభై ఏళ్ల తరువాత, 2019లో, అరవై ఒక్క ఏళ్ల వయసులో మళ్లీ బోస్టన్‌లో నిలబడినప్పుడు ఆమె పెట్టుకున్న లక్ష్యం తన పాత సమయానికి 40 నిమిషాల లోపు పూర్తిచేయడం. 3:04లో ముగించింది, అంటే పెరిగింది 29 నిమిషాలలోపే. ఒలింపిక్ విజేత కాబట్టి ఊరికే చేతులూపుకుంటూ నడిచి వెళ్లినా బోస్టన్ జనం చప్పట్లు కొట్టేవారే. ఆమె మాత్రం తనను తాను ఒక సంఖ్యకు కట్టుబడేలా చేసుకుంది. ఆ సంఖ్యను పాతికేళ్ల ఆటగత్తెతో పోల్చుకుని వేయలేదు, తన నలభై ఏళ్లను అందులో కలుపుకుని వేసింది. జపాన్‌కు చెందిన మరికో యుగెతా అరవై దాటాక మూడు గంటల లోపు పరుగెత్తిన మొదటి మహిళ; 2019లో 2:59:15లో ముగించిన ఆమె 2021లో ఒసాకాలో 2:52:13కు దించింది. విట్లాక్ సంగతి మరింత ఆలోచించదగ్గది. డెబ్బై ఏళ్లు దాటినవారు అప్పటికి ఎవ్వరూ మూడు గంటల లోపు పరుగెత్తలేదు. డెబ్బయ్యవ ఏట ఆయన మూడు గంటలకు కొద్ది సెకన్ల దూరంలో ఆగిపోయాడు. ఇక చాలనుకోకుండా, తన ఊరు మిల్టన్‌లో ఇంటి దగ్గరి శ్మశానవాటికలో గంటల తరబడి చుట్లు తిరుగుతూ అభ్యాసం చేసి డెబ్బై రెండవ ఏట 2:59:10లో ముగించాడు. ఆ కొద్ది సెకన్లు అక్కరలేదని ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే, అది ఆయన పట్ల దయ అయ్యేదని నేను అనుకోను.

మన దేశంలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందరూ ఫౌజా సింగ్ పేరు చెబుతారు. జలంధర్ దగ్గరి పల్లెలో పుట్టి, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో 2000లో లండన్‌లో మొదటి మారథాన్ పరుగెత్తి, నూరేళ్ల వయసులో 2011లో టొరంటోలో పూర్తిచేసి, 2025 జులైలో తన ఊరి దగ్గర రోడ్డు ప్రమాదంలో కన్నుమూసిన ఆ పెద్దాయనకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆయనను ‘పూర్తిచేస్తే చాలు’ అనడానికి ఉదాహరణగా వాడుకునేవారు ఒక విషయం చూడటం లేదు. లండన్‌లో ఆయనకు 6 గంటల 54 నిమిషాలు పట్టింది. మూడేళ్ల తరువాత, తొంభై రెండేళ్ల వయసులో, టొరంటోలో 5 గంటల 40 నిమిషాలు పట్టింది. ఎనభై తొమ్మిదికీ తొంభై రెండుకీ మధ్య గంటకు పైగా తగ్గించుకోవడం అభ్యాసం లేనిదే జరిగే పని కాదు. ఆ గంట గురించి మాట్లాడకుండా కేవలం తలపాగా గురించీ గడ్డం గురించీ మాట్లాడటం ఆయన శ్రమకు న్యాయం చేయదు.

పూర్తిచేయడం గొప్ప కాదని నేను అనడం లేదు. మొదటి మారథాన్‌కు అదే సర్వస్వం. ముప్ఫై కిలోమీటర్ల తరువాత కాళ్లు కదలని స్థితిలో కూడా ముందుకు సాగగలనా అన్నది నిజమైన ప్రశ్న, దానికి జవాబు దొరికిన రోజు మనిషి జీవితంలో మరిచిపోలేని రోజు. కానీ ఏళ్ల తరబడి పరుగెత్తుతున్నవాడికి ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికిపోయింది. ఓడిపోయే అవకాశమే లేని లక్ష్యాన్ని పట్టుకుని ఏడాది పొడుగునా తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు లేస్తారు? గడియారం లేకపోతే ఆరు నెలలుగా చేసిన అభ్యాసం సరైనదో కాదో చెప్పేవారు కూడా ఉండరు.

ఇందులో నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. మా వైపు జరిగిన ఒక పరుగు పోటీలో యువకులందరికీ చిప్ టైములతో (రన్నరు ఒంటిమీది చిప్ నమోదు చేసిన సమయాలతో) ఫలితాలు ప్రకటించి, అరవై దాటినవారిని మాత్రం వేదిక మీదకు పిలిచి, అందరికీ ఒకే రకం జ్ఞాపిక ఇచ్చి, శాలువాలు కప్పి, ఫొటో తీసుకున్నారు. నా పక్కన నిలబడిన వ్యక్తి నాకన్నా ఐదేళ్లు పెద్ద, నాకన్నా చాలా ముందు వచ్చినవాడు. ఆయన శాలువాను చేతిమీద మడిచి పెట్టుకుని, తన టైము ఎక్కడ చూసుకోవచ్చునని నిర్వాహకులను రెండుసార్లు మర్యాదగా అడిగాడు. ‘మీరు వచ్చారు, అదే మాకు పదివేలు సార్’ అన్నారు వాళ్లు. ఆ మాటలో గౌరవం ఉంది, కానీ ఆయన అడిగింది గౌరవాన్ని కాదు. పదవీ విరమణ తరువాత మనిషి చేసే పనిని కొలవడం లోకం మానేస్తుంది. ఆ తరువాత మన పేరు పక్కన రాసే అంకెలన్నీ షుగరు, బీపీ, కొలెస్టరాల్ వంటివే. అన్నీ భయంతో చూసుకోవలసినవే, ఏ ఒక్కటీ మనం కోరి ఎంచుకున్నది కాదు. నాలుగు గంటలు అనేది నేను ఎంచుకున్న అంకె. దాన్ని నా నుంచి ప్రేమతో తీసేసుకోవాలని చూసేవారికి నేను ఒప్పుకోలేను.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్కయ్య నేను వెళ్లినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతుంది: ‘నిన్నెవరు తరుముతున్నార్రా?’ మా బావమరిది మరింత సూటిగా, ‘కృష్ణా రామా అనుకోవలసిన వయసులో ఈ సెకన్ల లెక్కలు దేనికి బావగారూ, గుండెకేమైనా అయితే?’ అంటాడు. ఈ రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు, దానికి వివరంగా జవాబు చెప్పాలి. టైము కోసం పరుగెత్తేవాడు ఒళ్లు తెలియకుండా పరుగెత్తుతాడని వారి భయం. నా అనుభవం దీనికి సరిగ్గా విరుద్ధంగా ఉంది. లక్ష్యం లేని రోజుల్లో ఎవరు పక్కన పరుగెత్తితే వాళ్ల వేగాన్ని అందుకునేవాడిని. లక్ష్యం పెట్టుకున్నాక వారంలో ఎక్కువ పరుగులు పక్కవారితో మాట్లాడుతూ సాగగలిగేంత నెమ్మదిగా ఉంటున్నాయి, ఎందుకంటే గట్టి పరుగులకు శక్తి దాచుకోకపోతే నాలుగు గంటలు దక్కవు. ప్రణాళికలో విశ్రాంతి రోజులు పరుగు రోజులంత ముఖ్యంగా రాసి ఉంటాయి. ట్రెడ్‌మిల్ టెస్టు, ఎకో చేయించుకుని, వైద్యుడు సరేనన్న తరువాతే వేగం పెంచాను. నా ఈడువాడెవరైనా ఇది చదివి బూట్లు కట్టుకోవాలనుకుంటే, ముందు ఆ పరీక్షలు చేయించుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

మన ఊరి ఎండ, ఉక్క సంగతి కూడా ఈ జవాబులో భాగమే. విజయవాడలో మార్చి దాటితే తెల్లవారుజామున నాలుగున్నరకు కూడా గాలిలో తేమ ఆవిరిలా ఉంటుంది. చెమట ఆరదు, కాబట్టి ఒళ్లు చల్లబడదు. చల్లబరచడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపవలసి వస్తుంది. కండరాలకు వెళ్లవలసినది తగ్గుతుంది. ఫలితంగా జనవరిలో 138 దగ్గర ఉండే గుండె వేగం, అదే పరుగుకు మే నెలలో 152కు చేరుతుంది. గడియారాన్ని గౌరవించడం నేర్చుకున్నవాడు అప్పుడు వేగాన్ని తగ్గించుకుంటాడు. బ్యారేజీ మీద నుంచి సీతానగరం వైపు దిగి, కరకట్ట మీదుగా ఉండవల్లి దాటి వెళ్లి తిరిగి వచ్చేసరికి బూట్లలో నీళ్లు పోసినట్టు అడుగడుగునా చప్పుడు వస్తుంది, చొక్కా అంచుల్లో ఉప్పు తెల్లగా కడుతుంది. పరుగుకు ముందూ తరువాతా బరువు చూసుకుని, ఎంత చెమట పోయిందో తెలుసుకుని, దాన్ని బట్టి ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మరసమో తాగుతాను. దాహం లేకపోయినా నీళ్లు తాగుతూ ఉండమని పెద్దవారికి అందరూ సలహా ఇస్తారు, కానీ అది కూడా అపాయమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తాన్ని పరీక్షించినప్పుడు 13 శాతం మందిలో సోడియం ఉండవలసిన దానికన్నా తగ్గిపోయి కనిపించింది, దానికి అతిగా ద్రవాలు తాగడం ఒక ముఖ్య కారణమని తేలింది. ఇక లాంగ్ రన్‌కు ముందు రోజు ఆవకాయనూ గోంగూరనూ ముట్టుకోకుండా ఉండటం గుంటూరు మనిషికి చిన్న నియమమేమీ కాదు, కానీ కడుపు చల్లగా లేకపోతే పాతిక కిలోమీటర్ల తరువాత ఏ ప్రణాళికా నిలబడదు.

కిందటి జనవరిలో ముంబయి మారథాన్‌లో ఈ లక్ష్యాన్ని ప్రయత్నించాను. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ నాకు దగ్గరే, ఇష్టమే, కానీ ఆ ఫ్లైఓవర్ల చడావులూ ఆ ఉక్కా టైముకు అనువైనవి కావు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగవచ్చు. పోటీ మొదలయ్యేది కూడా ఆ స్టేషను ముందే. నాలుగు గంటలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. ఆరు నిమిషాల చొప్పున పరుగెత్తితే 4:13 అవుతుంది, కాబట్టి కిలోమీటరుకు పంతొమ్మిది సెకన్ల తేడాలోనే అంతా ఉంది. 35 కిలోమీటర్ల వరకూ 3 గంటల 20 నిమిషాలలో చేరాను, అనుకున్నదానికన్నా నిమిషం మాత్రమే వెనక. ఆయాసం లేదు, గుండె వేగం 150 దాటలేదు. ఆ తరువాత పెడ్డర్ రోడ్డు చడావు మొదలైన చోట తొడల ముందు భాగం కండరాలు గట్టిపడిపోయాయి. ఎడమ కాలు ఎత్తిన ప్రతిసారీ మోకాలి పైన ఎవరో పిడికిలితో నొక్కుతున్నట్టు ఉంది, అడుగు పొడవు సగానికి తగ్గింది. చివరి ఏడు కిలోమీటర్లకు 46 నిమిషాలు పట్టింది. 4:06లో ముగించాను.

ఆ ఆరు నిమిషాలు నాకు చెప్పినంత విషయం అంతకుముందు ఏ మెడలూ చెప్పలేదు. టైము చూసుకోకుండా పూర్తిచేసి ఉంటే, కాళ్లు పట్టేశాయి, వయసైపోయింది అనుకుని ఇంటికి వచ్చేవాడిని. గుండె, ఊపిరి నాలుగు గంటల పరుగుకు సిద్ధంగా ఉన్నాయనీ, సిద్ధంగా లేనివి తొడలు మాత్రమేననీ నాకు తెలిసింది అంకెల వల్లనే. కండరాలు వయసుతో తగ్గుతాయి, కానీ బరువులతో చేసే వ్యాయామానికి అరవైలో కూడా అవి చక్కగా స్పందిస్తాయి. అందుకని ఈ ఏడాది వారానికి పరుగు రోజు ఒకటి తగ్గించి, ఆ స్థానంలో బరువుతో గుంజిళ్లు, ఒంటికాలి మీద పిక్కల వ్యాయామం, మెట్లు దిగే అభ్యాసం చేర్చాను. ఇంట్లో పచ్చళ్ల జాడీ దించడానికి కూడా ఒకప్పుడు నడుం పట్టుకునేవాడిని, ఇప్పుడు గ్యాస్ సిలిండర్‌ను నేనే జరుపుతున్నాను. బావమరిది ఆరోగ్యం గురించి అడిగిన ప్రశ్నకు దీన్ని కూడా జవాబులో కలపాలి.

అక్కయ్య ప్రశ్నకు మాత్రం ఒక జవాబు చాలు: నన్నెవరూ తరమడం లేదు, నేనే ఒకదాని వెంట వెళుతున్నాను. అది దొరకని రోజు కూడా వస్తుందని నాకు తెలుసు. అరవై ఐదు దాటాక నాలుగు గంటలు నా శక్తికి మించినవి కావచ్చు. అప్పుడు ఏజ్ గ్రేడింగ్ పట్టికలో నా కొత్త వయసు ఎదుట ఉన్న అంకెను తీసుకుని, ఇప్పటి నాలుగు గంటలకు సమానమైన శాతం ఎంతో చూసి, కొత్త టైము రాసుకుంటాను. విట్లాక్ ఎనభై ఐదవ ఏట పరుగెత్తింది 3:56:34. డెబ్బై మూడవ ఏటి సమయానికన్నా గంటకు పైగా ఎక్కువ, అయినా అది ఆ వయసులో ఇంకెవరూ చేయని పని.

రాబోయే జనవరికి లెక్క ఇలా వేసుకున్నాను. మొదటి పది కిలోమీటర్లు జనంలో తోసుకోకుండా కిలోమీటరుకు 5 నిమిషాల 45 సెకన్ల చొప్పున, అక్కడి నుంచి 32 వరకూ 5:38 చొప్పున పరుగెత్తితే 3 గంటల 1 నిమిషం 26 సెకన్లకు అక్కడికి చేరతాను. మిగిలిన పది కిలోమీటర్ల చిల్లరకు 58 నిమిషాలకు పైగా ఉంటుంది. పెడ్డర్ రోడ్డు చడావు కిలోమీటరుకు ఆరు నిమిషాలు ఇచ్చేసి, మిగతావాటిని 5:42లో నిలబెట్టుకోవాలి. అక్టోబరులో ఉక్క తగ్గితే ఆదివారపు లాంగ్ రన్‌లో చివరి పది కిలోమీటర్లను, ఉండవల్లి నుంచి తిరిగి వచ్చే దారిలో, ఇదే వేగంతో పరుగెత్తి చూస్తాను. తగ్గకపోతే నవంబరు దాకా ఆగుతాను.